భయమేసిందని చెప్పు, మావా

పౌర్ణమి వెళ్ళిన మర్నాడు

మసేను దిగలేదు. తాడు దిగలేదు. గాలి మర తిరగలేదు.

విన్న మాట రాసిపెట్టే పెట్టెవు కదా, రాసుకో. దిగినా దిగకపోయినా, తాడు పట్టేవాళ్ళు పొద్దుగూకేలోగా నీతో చెప్పి తీరాలని వాడ కట్టుబాటు కదా, అందుకే చెబుతున్నాను. నా యాసను సరిదిద్ది గట్టువాళ్ళ తెలుగులో రాస్తావని తెలుసు. రాసుకో. మనుషులు ఒకరితో ఒకరు అనుకున్న మాటల్ని మాత్రం ముట్టుకోకు. వాటికి నీ ఇస్త్రీ అక్కర్లేదు.

నేను నూకరత్నాన్ని. మసేను నా మొగుడు. సముద్రం కింద మునిగిపోయిన పట్నంలోకి దిగి రాగి తీగ, ఇత్తడి కుళాయిలు, పగలని అద్దాలు తెస్తాడు. నేను పైన తెప్ప మీద కూర్చుని, గొట్టంలోంచి అతనికి ఊపిరి పంపే గాలి మర తిప్పుతాను, అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుంటాను. మా తెప్పల వాడలో తాడు పట్టేది పెళ్ళామో, తల్లో, అక్కో అయి ఉండాలి. దిగినవాడు తిరిగి రాకపోతే ఎవరి బతుకు బూడిదవుతుందో, వాళ్ళ చేతికే తాడిస్తారు.

నిన్నటిది నిన్న చెప్పలేకపోయాను.

నిన్న మసేను పైకొచ్చి, తెప్ప మీదికి పాకి, మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు. లోతు నుంచి వచ్చినవాడికి కాసేపు మాట రాదు. సరిగ్గా అప్పుడే గట్టు పోలీసుల పడవ వచ్చి ఆనింది. రాగికి అనుమతి చీటీ చూపించమన్నారు. నేను తెస్తానంటూనే ఉన్నాను, "చేతులు వెనక్కి పెట్టు" అని అరిచాడు కానిస్టేబుల్ దివాకర్. మసేను ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అంతే, పట్టీ విసిరాడు.

ఆ పట్టీ దానంతటదే ఛాతీకి చుట్టుకుంటుంది. మనిషి కదిలితే బిగుస్తుంది, కదలకుండా ఉంటే వదులవుతుంది. నేల మీద నిలబడ్డవాళ్ళకు అదెలా ఉంటుందో నాకు తెలీదు. నీళ్ళలోంచి అప్పుడే వచ్చిన మనిషికి ప్రతి ఊపిరికీ ఛాతీ ఇంతెత్తున లేస్తుంది. లేచినప్పుడల్లా ఎదురు తిరుగుతున్నాడనుకుని అది బిగిసింది. మసేను పెదాలు నేరేడుపండు రంగుకు వచ్చేశాయి.

"ఇప్పండి బాబూ! సచ్చిపోతన్నాడు!" అని మొత్తుకున్నాను.

"కదలకుండా ఉంటే అదే వదులుతుంది" అన్నాడు దివాకర్. ఊపిరి తీయకుండా ఉండమని దానర్థం.

మసేను మునగడానికి బరువుగా నడుముకు కట్టుకున్న సీసం దిమ్మ పీకి అతని దవడ మీద కొట్టాడు. ఒకటే దెబ్బ. దివాకర్ పడ్డాడు, పట్టీని విప్పే మీట అతని చేతిలోంచి జారింది, నేను నొక్కాను, పట్టీ విడింది. మసేను ఒక్కసారిగా లోపలికి లాగిన ఆ ఊపిరి చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ తరవాత మిగతావాళ్ళు అతన్ని పడవలో పడేసుకుని తీసుకుపోయారు.

విదియ

మసేను దిగలేదు.

మా గుడిసె ఇద్దరి బరువుకు సరితూగేట్టు కట్టింది. మంచానికి అటు అతను, ఇటు నేను. అతను లేకపోయేసరికి రాత్రంతా నా వైపే ఒరిగిపోతోంది. పొద్దున్నే లేచి అతని వైపు మంచినీళ్ళ డబ్బాలు రెండు పెట్టాను. తెప్ప సరిగ్గా నిలబడింది. దాన్ని చూసి ఏడుపొచ్చింది. నా మొగుడి బరువు రెండు డబ్బాల నీళ్ళేనా?

చేతులకు పని లేదు. అరచేయి తాడు కోసం కొట్టుకుంటోంది. అతను కిందున్నప్పుడు కూడా నాకు కనిపించడు, కానీ ఉన్నాడని చేతికి తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు చేతికేమీ తెలియడం లేదు.

చవితి

మసేను దిగలేదు.

వకీలు కాత్యాయని గారు పడవ మాట్లాడుకుని వచ్చారు. గట్టు మీది మనిషే అయినా తెప్ప ఎక్కగానే చెప్పులు విప్పి కూర్చున్నారు. అందుకని నాకు నచ్చారు.

"తెప్పల చట్టంలో మీవాళ్ళకు హక్కుంది అమ్మా" అన్నారు. "ప్రాణభయం కలిగితే ఎవరినైనా ఎదిరించవచ్చు, అవతలివాడు పోలీసైనా సరే. ప్రాణం దక్కించుకోడానికి ఎంత అవసరమో అంతే కొట్టాలి. మీ ఆయన ఒక్క దెబ్బే కొట్టాడు. అక్కడి దాకా బాగానే ఉంది."

"మరింకేటమ్మా?"

"పట్టీలు వచ్చాక ఆ హక్కు పుస్తకంలోనే ఉండిపోయింది. ప్రాణభయం కలిగిందో లేదో పట్టీయే చెబుతుంది. గుండె దడదడలాడితే భయం అని రాస్తుంది. మీ ఆయన గుండె నిద్రపోతున్నవాడి గుండెలా కొట్టుకుందట. అంటే భయపడలేదు, నింపాదిగా ఆలోచించి కొట్టాడని వాళ్ళ వాదన."

నాకు ఒళ్ళు మండిపోయింది. నడక వచ్చిన దగ్గర్నుంచీ మా పిల్లలకు నేర్పేదే అది. గాలి అయిపోతుంటే గుండెను నెమ్మది చేసుకోవాలి, భయపడితే ఉన్న గాలి కూడా అయిపోతుంది. చస్తున్నకొద్దీ మావాళ్ళ గుండె నెమ్మదిస్తుంది. ఇది పట్టీకి ఎవరు చెబుతారు?

"పట్టీ మాట ఒక్కటే అయితే నేను కొట్లాడేదాన్ని" అన్నారు కాత్యాయని గారు. "ఆయన నోటి మాట కూడా ఉంది. స్టేషన్లో అడిగారు, ప్రాణభయం కలిగిందా అని. ఏమన్నాడో తెలుసా?"

చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

"'బయమా? నాకా?' అన్నాడట. అని నవ్వాడట కూడా."

ఓరి నీ మీసాలు తగలెయ్య! లోకంలో ఇంకెవరైనా అయితే "బాబోయ్ చచ్చిపోతాననుకున్నాను" అని కాళ్ళ మీద పడి ఉండేవాడు. మా వాడలో మాత్రం దిగేవాడి నోట భయం అన్న మాట రాకూడదు. వస్తే తెప్ప స్తంభానికి తగిలించి ఉండే అతని తాడు దించేస్తారు. మళ్ళీ దిగనివ్వరు. భయపడినవాడు కింద పక్కవాడి గాలి గొట్టం పట్టుకుని లాగుతాడని, ఇద్దరూ పోతారని ఆ కట్టుబాటు. మసేనుకు ఆ తాడే సర్వం. అందుకే నవ్వాడు.

"విచారణ దశమినాడు" అన్నారు కాత్యాయని గారు. "అక్కడైనా భయపడ్డానని చెప్పమనండి. లేదంటే మూడేళ్ళు."

షష్ఠి

మసేను దిగలేదు. మసేనును చూశాను.

గట్టు మీది జైల్లో, మధ్యలో గాజు గోడ. గట్టు మీద నడిచి నడిచి నాకు తల తిరుగుతోంది, ఆ నేల బొత్తిగా కదలదు. అతని మొహం పాలిపోయింది. ఛాతీ చుట్టూ పట్టీ ఒరుసుకున్న చారలు నల్లగా ఉన్నాయి. గాజులోంచి చెయ్యి పెట్టి వాటిని తడిమి చూడాలనిపించింది. ఎంత అనిపించిందో చెప్పలేను.

"తిన్నావేటి?" అన్నాను.

"తింటన్నాను. ఉప్పు తక్కువ."

"బయమేసిందని సెప్పు మావా."

తల తిప్పుకున్నాడు.

"సెప్పు మావా. ఒక్క మాట. నోరేటి అరిగిపోదు."

"సెప్పీసి ఇంటికొచ్చి ఏటి సేస్తానే? తెప్ప మీద కూకుని వలలు అల్లుకుంతానా?"

"అల్లుకో. నా కల్లెదురుగా కూకుని అల్లుకో. నాకదే సాలు."

"నాకు సాలదే, రత్నం."

అంత నెమ్మదిగా అన్నాడు. అతను అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అతను చెప్పింది నిజం. మూడేళ్ళు నేను లేకుండా ఉండగలడు, తాడు లేకుండా ఉండలేడు. కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది, ఆ రెంటి కిందా మళ్ళీ అతనే కావాలనిపించింది. ఏం మనిషిని నేను!

వచ్చేటప్పుడు పడవలో అతని వైపుకు వీపు పెట్టి కూర్చోలేక, గట్టు కనిపించినంతసేపూ వెనక్కే చూస్తూ వచ్చాను.

అష్టమి

మసేను దిగలేదు.

దిగేవాళ్ళకు పెద్ద బండియ్య తాత. డెబ్బై దాటినా ఇంకా దిగుతాడు. అతని దగ్గరికి వెళ్ళాను. తాత పెళ్ళాం సింగమ్మ గాలి మర తుడుచుకుంటోంది.

చెప్పాల్సింది సూటిగా చెప్పేశాను. మొదటిసారి తాడు చేతికిచ్చినప్పుడు మా అరచేతిలో ఉప్పునీళ్ళు పోసి ఒట్టు వేయిస్తారు. తాడు చెప్పింది చేతిలోనే ఉండాలని. కింద మనిషికి భయమేస్తే తాడులోకి సన్నటి వణుకు వస్తుంది. కెరటానికి వచ్చే ఊపు వేరు, ఆ వణుకు వేరు. తాడు పట్టే ప్రతి ఆడదానికీ అది తెలుసు. ఎవరికీ చెప్పం, దిగినవాడికి కూడా చెప్పం. పైకి రాగానే నవ్వుతూ తువ్వాలు అందిస్తాం.

"కోర్టులో ఆ మాట నాను సెప్పీస్తాను తాతా" అన్నాను.

బండియ్య తాత గిర్రున నాకేసి తిరిగాడు. "ఆడి పరువు తీసీస్తావేటే?"

"మనిసిని తెచ్చుకుంతాను."

"మల్లీ నీ సేతికి తాడివ్వం. ఆడి తాడూ దించీస్తాం. తెలుసా?"

"తెలుసు."

"ఆడు నీతో మాటాడడు."

అదొక్కటే నాకు భయం.

నేను పడవెక్కబోతుంటే సింగమ్మ వెనకే వచ్చి మోకు విప్పిపెట్టింది. తల ఎత్తకుండా, "మా ముసలోడిదీ వొనుకుతాదే" అంది. అని మళ్ళీ మర తుడుచుకోడానికి వెళ్ళిపోయింది.

దశమి

ముందుగా దివాకర్‌ను పిలిచారు. దవడకు కట్టు ఉంది. పాతికేళ్ళ పిల్లాడు, మాట్లాడుతుంటే నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు జాలేసింది. ఆ మాట దాచుకోను.

"అతను చెయ్యెత్తాడండి. కొడతాడేమోనని నాకు భయమేసింది. అందుకే పట్టీ వేశాను" అన్నాడు.

న్యాయమూర్తి గారు తలూపి రాసుకున్నారు. ఆవిడ పెద్దావిడ, నెరిసిన జుట్టు. రాసుకున్నారంతే! అతని గుండె ఎంత కొట్టుకుందని ఎవరూ అడగలేదు. అతనికి భయమేసిందంటే భయమేసినట్టే. నేను కూర్చున్నచోటే గొణిగాను, అది కాత్యాయని గారు విన్నారు. లేచి అదే మాట గట్టిగా అన్నారు.

తరవాత మసేను. "కొట్టాను. గాలి కావాలి, కొట్టాను" అన్నాడు.

"ప్రాణభయం కలిగిందా?" అని అడిగారు న్యాయమూర్తి గారు.

వాడ నుంచి వచ్చినవాళ్ళంతా వెనక వరసల్లో ఉన్నారు. బండియ్య తాత ఉన్నాడు. మసేను వాళ్ళను చూశాడు. నోరు విప్పలేదు.

నన్ను పిలిచారు. గట్టువాళ్ళ తెలుగు కూడబలుక్కుని చెప్పాను.

"ఈయన తాడు నేను పడతానండి. ఆ రోజు పట్టీ చుట్టుకున్నప్పుడు ఈయన నడుము తాడు ఇంకా నా చేతిలోనే ఉంది. అందులో వణుకొచ్చింది. అది నాకు కొత్త కాదు. కింద చీకటి గదుల్లోకి వెళ్ళిన ప్రతిసారీ వస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి దిగుడులోనూ ఈయన భయపడ్డాడు. భయపడుతూనే దిగాడు. ఆ రోజు వచ్చినంత వణుకు మాత్రం నేనెప్పుడూ ఎరగను."

"ఒలే! ఊరుకో!" అని అరిచాడు మసేను.

అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

న్యాయమూర్తి గారు చేతిలో కలం పక్కన పెట్టారు. "మసేను గారూ, మీ భార్య చెప్పింది నిజమేనా?"

కాదంటే నేను అబద్ధాలకోరును, అతను ఖైదీ. అందరూ అతన్నే చూస్తున్నారు. మసేను బోను కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"నిజమేనండి. బయమేసింది. నీల్లలో సచ్చిపోతే అదో దారి, దానికి సిద్దపడే దిగతాం. పైకొచ్చీసినాక, ఇంత గాలి ఉండగా, దాని కల్లెదురుగా సచ్చిపోతానేటని... శానా బయమేసింది."

అప్పుడు చూశాను అతన్ని. అతను నన్ను చూడలేదు.

తీర్పు సాయంత్రం చదివారు. పోలీసు భయాన్ని అతని మాట మీద నమ్మినప్పుడు, పట్టీలో ఉన్నవాడి భయాన్నీ అతని మాట మీదే నమ్మాలట. పట్టీ లెక్క ఒక్కటే చాలదట. ప్రాణభయమని నోటితో చెబితే అక్కడికక్కడే పట్టీ వదులు చేయాలి. చేయకపోతే, ఊపిరి కోసం అవసరమైనంత ఎదిరించినవాడిది నేరం కాదు. మసేనును వదిలేశారు.

అమావాస్య

మా తెప్ప మీంచి ఎవరూ దిగలేదు. మా స్తంభం మీద తాడు లేదు.

మసేను ఇంట్లోనే ఉన్నాడు. నీళ్ళ డబ్బాలు తీసేశాను. తెప్ప సమంగా నిలబడింది. కానీ మంచానికి అటువైపున్న మనిషి నాతో మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, తువ్వాలు ఇస్తే తుడుచుకుంటాడు. పొద్దంతా తెప్ప అంచున కూర్చుని వల అల్లుతూ నీళ్ళలోకి చూస్తాడు. ఇంత దగ్గరున్న మనిషి కోసం ఇంతగా అలమటించడం ఏమిటో! అప్పుడు గట్టు అడ్డం, గాజు అడ్డం. ఇప్పుడు ఏ అడ్డమూ లేదు, చెయ్యి చాస్తే భుజం తగులుతుంది. చాచే ధైర్యం లేదు.

నిన్న ఊరుకోలేక, "తిట్టు మావా. ఒక్కసారి తిట్టీ" అన్నాను. వల ముడి వేసి, ఇంకో ముడి వేశాడు.

తదియ

ఇవాళ వాడలో జరిగింది చెబుతాను. పెట్టే, తొందరపెట్టకు, మొదట్నుంచీ చెప్పనీ.

మధ్యాహ్నం పోలీసు పడవ వచ్చింది. దివాకర్ లేడు, ఎవరో కొత్త మనిషి. బండియ్య తాత అప్పుడే పైకొచ్చి రొప్పుతున్నాడు. మాట రాని ముసలాయన్ను పట్టుకుని చీటీ అన్నాడు, చేతులన్నాడు, తాత ఆగమని చెయ్యి ఊపాడు, పట్టీ పడింది. చూస్తుండగానే తాత పెదాలు నల్లబడ్డాయి. "ఇప్పండి బాబూ!" అని సింగమ్మ గుండెలు బాదుకుంటోంది.

కొత్త కానిస్టేబుల్ చేతిలో పట్టీ లెక్క చూపించే పలక చూసుకుని, "గుండె బాగానే ఉంది. నాటకాలు" అన్నాడు.

మా తెప్ప కదిలింది. చూస్తే మసేను లేడు, మూడు తెప్పలు దాటేశాడు. తాత ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

"తాతా, సెప్పు! బయమేత్తందని సెప్పు!"

తాత తల అడ్డంగా ఊపాడు. కళ్ళు తేలిపోతున్నాయి, అయినా తల ఊపాడు.

"సెప్పు తాతా! నువ్వు సెప్తే ఆడు ఇప్పాల. నీ పరువు నీల్లలో కలవా, సెప్పు! నాను సెప్పినాను, సచ్చిపోనేదు!"

బండియ్య తాత పెదాలు కదిలాయి. గాలి లేదు, మాట సగమే వచ్చింది. "బయమేత్తంది."

"నాకేం వినబడలేదు" అన్నాడు కానిస్టేబుల్.

మసేను లేచి నిలబడ్డాడు. అతని చేతిలోకి తాత సీసం దిమ్మ ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. ఎత్తలేదు. పట్టుకున్నాడంతే.

"నాకు ఇనపడింది" అన్నాడు.

"నాకూ ఇనపడింది!" అంది సింగమ్మ. నేనూ అరిచాను. ఆ తెప్ప మీదిది, ఈ తెప్ప మీదిది, తాడు పట్టే ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. "ఇనపడింది! ఆయనకి బయమేత్తందంట! ఇప్పు!" కట్టుబాటు పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ పైకి అనని మాట వాడంతా మోగిపోయింది. కానిస్టేబుల్ మా అందరినీ చూశాడు, దిమ్మను చూశాడు, మీట నొక్కాడు.

పట్టీ విడింది. పడవ వెళ్ళిపోయింది. తాత తెప్ప మీద వెల్లకిలా పడి చాలాసేపు గాలి పీల్చాడు. సింగమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

మాట వచ్చాక తాత, "నా తాడు దించీండ్రా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కదిలేదెవరు?

"దించీమంతన్నానా!"

"నీదీ దించి, నాదీ దించీసి, ఇంక దిగీదెవుడు తాతా?" అన్నాడు మసేను. "బయపడినోల్లమే కదా ఇద్దరం. రేపు కలిసి దిగుదాం."

తాత అతన్ని ఎగాదిగా చూశాడు. "నా గొట్టం లాగీవంటే సంపీస్తాను" అన్నాడు. అంటే సరేనన్నట్టే.

మసేను దిమ్మ కింద పెట్టి మా తెప్ప మీదికి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను, అతని వైపు చూడకుండా. అలవాటైపోయింది కదా.

"ఒలే రత్నం" అన్నాడు. "తాడెక్కడెట్టినావే?"

"ఇన్నాల్లకి నోరొచ్చిందేటి నీకు?" అన్నాను. అని ఏడ్చాను, వాడంతా వినేట్టు. తరవాత లేచి గాలి మరకు నూనె వేశాను.